నైరుతి మూల గొయ్యి

"ఆటోమేటిక్ పంపు. దానికి చేసేదేముంది" అంటాడు మా ఆయన దుర్గేష్, ఇంటికి ఎవరొచ్చినా. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో మా ఇల్లు కొండ వాలుని ఆనుకుని ఉంటుంది. పైన మేముంటాం, కింద గ్యారేజీ, దాని పక్కనే దుర్గేష్ ఆఫీసు గది. చలికాలమంతా కురిసిన వాన కొండలోకి ఇంకి, వసంతం వచ్చేసరికి మా గ్యారేజీ గచ్చు కిందకి ఊరుతుంది. ఆ ఊట చేరడానికి ఒక మూల రెండడుగుల చదరపు గొయ్యి ఉంది. అందులో మునిగి ఒక చిన్న పంపు. నీళ్లు పెరిగితే ఒక ప్లాస్టిక్ బుడ్డి పైకి తేలి స్విచ్ వేస్తుంది, పంపు నీళ్లని వీధి కాలువలోకి తోసేస్తుంది. వెల్లింగ్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో కొత్తగా ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ఎవరొచ్చినా దుర్గేష్ వాళ్ళని కిందికి తీసుకెళ్ళి ఆ గోతి మూత ఎత్తి చూపిస్తాడు. "ఆరేళ్ళయింది. ఒక్క రిపేరు లేదు" అంటాడు, ఆ పంపుని తనే కని పెంచినట్టు. నేను వెనకాల టీ కప్పుల ట్రేతో నిలబడి ఉంటాను.

రిపేరు ఎందుకు లేదో నేను చెప్తాను. ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం, ఇక్కడి వసంతం మొదట్లో, ఈ దేశంలో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు. గంట నిద్ర పోయిందని ఇంట్లో అందరూ విసుక్కుంటూ దుప్పట్లో దొర్లుతుంటారు. ఆ పూట నేను పాత పంజాబీ డ్రెస్ వేసుకుని, జుట్టు ముడేసుకుని గ్యారేజీలో ఉంటాను. ముందు ప్లగ్ తీస్తాను. పంపుని తాడు పట్టి పైకి లాగుతాను, చూడ్డానికి చిన్నదే గానీ నిండు ఊరగాయ జాడీ అంత బరువుంటుంది. అడుగున జాలీకి పట్టిన జిగురుని పాత టూత్‌బ్రష్‌తో గీకుతాను. ఏడాది పొడుగునా చేరిన ఒండ్రుని ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాతో తోడి బకెట్లోకి ఎత్తుతాను, మూడు బకెట్లు వస్తుంది. ఎక్కిన నీళ్లు మళ్ళీ వెనక్కి దిగకుండా గొట్టంలో ఒక వాల్వ్ ఉంటుంది, దాన్ని విప్పి కడుగుతాను. బుడ్డి ఎక్కడా తగలకుండా ఆడుతోందో లేదో చూస్తాను. మళ్ళీ అన్నీ దించి, ప్లగ్ పెట్టి, రెండు బకెట్ల నీళ్లు పోసి, పంపు మొదలై ఆగేదాకా చెవి ఒగ్గి వింటాను. తర్వాత బయటికి వెళ్ళి గొట్టం చివర చేరిన ఆకులు తీస్తాను. స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి దుర్గేష్ లేచి ఉంటాడు. "ఇంకా కాఫీ కాలేదా" అంటాడు.

ఈ పని నాకు ఆయన అప్పజెప్పింది కాదు. మాకు ఇల్లమ్మిన ముసలావిడ తాళాలు ఇచ్చేరోజున నన్నొక్కదాన్నే కిందికి తీసుకెళ్ళింది. దుర్గేష్ అప్పుడు వీధిలో నిలబడి ఇంటిని ఫోటోలు తీస్తున్నాడు. "ఏటా వసంతంలో దీన్ని శుభ్రం చెయ్యకపోతే చీలమండ దాకా నీళ్లొస్తాయి డియర్. నలభై ఏళ్ళు నేనే చేశాను" అందావిడ. మరి మీ ఆయన అని అడిగాను. ఆవిడ నవ్వి తాళాలు నా చేతిలో పెట్టింది. నాకు ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పెళ్ళికి ముందు మూడేళ్ళు మంచినీళ్ళ పథకాల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ట్యాంకులెక్కాను, గొట్టాలు కొలిచాను, కాంట్రాక్టర్లతో పోట్లాడాను. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే "నీ డిప్లొమా ఇక్కడ చెల్లదు" అన్నాడు దుర్గేష్. ఎవర్ని అడిగి చెప్పాడో నాకు తెలీదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ అడక్కపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్ళి ఒక ఆఫీసులో ఫైళ్ళు సర్దుతాను. అక్కడ కప్పులు కడిగే మెషీన్ ఖాళీ చెయ్యడానికి గోడ మీద వారానికొకరి పేరు రాసి ఉంటుంది. ఎవరి పేరున్నా ఖాళీ చేసేది నేనే. "హిమా ఈజ్ సో గుడ్" అంటారు. నా పేరు హిమజ. ఆ చివరి అక్షరం కూడా వాళ్ళకి బరువే. మిగిలిన రెండు రోజులు నాకు సెలవని ఇంట్లో అందరూ అనుకుంటారు.

ఈ ఏడు ఆగస్టులో మా అత్తమామలు భీమవరం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. మావయ్యగారు జనార్ధనరావుగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. సూట్‌కేసులో మందులతో పాటు ఒక దిక్సూచి తెచ్చుకున్నారు. వచ్చిన మూడో రోజునే దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి, గ్యారేజీలోకి దిగి, గోతి ముందు ఆగిపోయారు.

"అదేంట్రా దుర్గా, నైరుతిలో గొయ్యేంట్రా. ఇంటి యజమానికి అరిష్టం. నీకు మేనేజరు పోస్టు రెండేళ్ళ నుంచి ఎందుకు చెయ్యి జారిపోతోందో ఇప్పుడర్థమైంది" అన్నారు.

ప్రమోషన్ మాట వినగానే దుర్గేష్ మొహం మారిపోయింది. రెండేళ్ళుగా తన మేనేజర్ని, తన టీముని, ఈ దేశాన్ని తిట్టుకుంటున్నాడు. తిట్టుకోవడానికి ఇప్పుడొక గొయ్యి దొరికింది. పూడ్చేద్దాం అనుకున్నారు తండ్రీకొడుకులు అక్కడికక్కడే, మంచం జరుపుదాం అన్నంత తేలిగ్గా.

"పూడిస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయండీ? గచ్చు వాలు ఆ మూలకే ఉంది" అన్నాను. "పైగా ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా వెళ్తాడు మావయ్యగారూ. మన దిక్కుల లెక్క ఇక్కడ ఎలా కుదురుతుంది?"

"శాస్త్రం రాసినవాళ్ళకి ఆ మాత్రం తెలీదా అమ్మాయ్" అన్నారు మావయ్యగారు, క్లాసులో వెనక బెంచీ పిల్లని చూసినట్టు చూసి.

"నువ్వు ప్రతిదానికీ అడ్డం పడకు. తెలిసినవాణ్ణి ఎవర్నైనా పిలుస్తాను, అతను చెప్తాడు" అన్నాడు దుర్గేష్. ఆరు వసంతాలు ఆ గోతిలో బోర్లాపడుకుని పనిచేసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆ మనిషికి సివిల్ డిప్లొమా కూడా ఉంది. కానీ చెప్పడానికి ఒక అతను కావాలి.

సెప్టెంబరు చివరి ఆదివారం మామూలుగానే కిందికి దిగాను. ఈసారి మా అత్తయ్య అనంతలక్ష్మిగారు కూడా నాతో వచ్చి, తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చున్నారు. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బురద బకెట్ ఎత్తుతుంటే మాత్రం "నడుం జాగ్రత్తే" అన్నారు. అంతా అయ్యాక "ఇంత పనుందా దీనికి" అన్నారు. ఈ ఇంట్లో ఆ పనిని పని అన్న మొదటి మనిషి ఆవిడ.

ఆ పై శనివారానికి దుర్గేష్ పిలిచిన అతను వచ్చాడు. పేరు బిజేంద్ర, ఫిజీ ఇండియన్, యాభై అయిదు దాటి ఉంటాయి. ఈ లోయలో ముప్పై ఏళ్ళుగా ప్లంబింగ్ చేస్తున్నాడు. వాళ్ళ నాయనమ్మ తెలుగావిడట, తనకి మాత్రం "నీళ్లు", "రా" అన్న రెండు మాటలే వచ్చని ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. మోకాలు పట్టేసినట్టుంది, గోడ పట్టుకుని మెల్లగా వంగి, టార్చి వేసి గోతిలోకి చాలాసేపు చూశాడు. పంపు పైకి లాగి జాలీ మీద వేలు రాసి చూసుకున్నాడు. పూడ్చడం కుదరదనీ, పూడిస్తే రెండో వానకే పక్కగది కార్పెట్ తేలుతుందనీ చెప్పాడు. నేను రెండు నెలల కింద చెప్పిన మాటే. దుర్గేష్ "ఐ సీ, ఐ సీ" అంటూ తలాడించాడు.

"ఇంత శుభ్రమైన గొయ్యి నేను ఈ లోయలో చూళ్ళేదు భయ్యా. ఎవరు చూసుకుంటున్నారు దీన్ని?" అని అడిగాడు బిజేంద్ర.

"నేనే" అన్నాడు దుర్గేష్.

తడుముకోలేదు. నావైపు చూడనూ లేదు. "ప్రతి స్ప్రింగులోనూ ఒక ఆదివారం దీనికి కేటాయిస్తాను. హాబీ అనుకోండి" అని కూడా కలిపాడు. నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ పమిట కొంగు సర్దుకుంటూ నేల చూపులు చూశారు. మావయ్యగారు కొడుకు భుజం తట్టారు.

"వాల్వ్ ఎప్పుడు మార్చారు?" అన్నాడు బిజేంద్ర.

"రెండేళ్ళయింది" అన్నాడు దుర్గేష్, కరెంటు తీగ వెళ్ళే పైపుని చూపిస్తూ.

"నాలుగేళ్ళు" అన్నాను నేను. బిజేంద్ర నావైపు ఒక్కసారి చూసి, తల మళ్ళీ దుర్గేష్ వైపు తిప్పుకుని, "నాలుగేళ్ళయితే ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు భయ్యా" అన్నాడు. జవాబు నాది, ఆ జవాబుకి జవాబు మాత్రం ఆయనకి. తర్వాత మోకాలు రుద్దుకుంటూ, తన కింద ఇలాంటి గోతులు నలభై దాకా ఉన్నాయనీ, వంగలేకపోతున్నాననీ, ఇంత శ్రద్ధగా చేసే మనిషి దొరికితే వారానికి రెండు రోజులు పని ఇస్తాననీ అన్నాడు. దుర్గేష్ పకపకా నవ్వాడు. "నేను ఐటీలో ఉన్నాను బ్రదర్. బురదలో చేతులు పెట్టే పనికి నేనెందుకొస్తాను" అన్నాడు. మెచ్చుకోలు వచ్చినప్పుడు అది హాబీ. కూలి అనేసరికి బురద. ఆ రెండు మాటల మధ్య రెండు నిమిషాలు కూడా లేవు.

మగవాళ్ళు పైకొచ్చి సోఫాల్లో కూర్చున్నారు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. గిన్నె స్టవ్ మీద పెట్టిన చప్పుడు హాల్లోకి వినిపించే ఉంటుంది. అత్తయ్యగారు వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"వాడి మాట వాడికి ఉండనియ్యవే. పోయేదేముంది" అన్నారు మెల్లగా. "మా కొబ్బరితోట మీ మావయ్యగారు పెట్టిన తోటని ఊరంతా అంటారు. ఆ మొక్కలకి కడవలతో నీళ్లు మోసింది నేను. దుర్గ కడుపులో ఉన్నప్పుడు కూడా మోశాను. ఎప్పుడన్నా అన్నానా?"

"అనాల్సింది అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ మొహంలోకి ఒక్కసారి నెత్తురు పొంగినట్టయింది. పంచదార డబ్బా అందించి వెళ్ళిపోయారు. అంత మాట అనేశానేమిటని కాసేపు బాధపడ్డాను. కానీ నలభై ఏళ్ళు ఆవిడ అనకపోవడం వల్లే కదా నా మొగుడికి ఇవాళ అంత సులువుగా "నేనే" అనడం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో వినపడిన మాటే. ఎవరూ కాదనని మాట. మా అమ్మాయి నిహారికకి త్వరలో తొమ్మిదేళ్ళు నిండుతాయి. అది మెట్ల మీద కూర్చుని ఇదంతా వింది. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లయినా ఈ "నేనే" దానికి తెలుగులోనే అర్థమై ఉంటుంది. నేను కూడా కొంగు సర్దుకుని ఊరుకుంటే, దానికి నేను నేర్పేది అదే. టీ పొంగి స్టవ్ మీద పడింది. తుడవలేదు.

బిజేంద్ర వెళ్ళేటప్పుడు చెత్తడబ్బా బయట పెట్టే వంకతో అతని వాను దగ్గరికి వెళ్ళాను. "ఆ గొయ్యి చూసేది నేను" అన్నాను.

"తెలుసు సిస్టర్. వాల్వ్ ఏదో తెలీని మనిషి వాల్వ్ ఎలా మారుస్తాడు" అన్నాడతను, పనిముట్లు సర్దుకుంటూ.

"తెలిసి కూడా ఆయనతోనే మాట్లాడారా?"

"ఇంటాయన కదా" అన్నాడు, వాను తలుపు వేస్తూ. నాకు అతని మీద కూడా మండింది. అయినా అడగాల్సింది అడిగాను. గురువారాలు, శుక్రవారాలు వస్తానన్నాను. సర్వీసు అయ్యాక ప్రతి పంపుకీ ఒక చీటీ కడతారు, ఫలానా తారీఖున ఫలానా మనిషి చేశారని. దాని మీద నా పేరుండాలన్నాను, మూడక్షరాలూ. బిజేంద్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఆవిడ శివ్‌వతి ఫోన్లు చూస్తుంది. సోమవారం ఆమెతో మాట్లాడండి" అన్నాడు. సోమవారం మధ్యాహ్నం ఆఫీసు రికార్డు గదిలో నిలబడి మాట్లాడాను. ఆ వారం ఆఫీసులో కప్పుల మెషీన్ జోలికి పోలేదు. శుక్రవారానికి సింకు నిండా కప్పులు పేరుకున్నాయట.

దుర్గేష్‌కి సోమవారం రాత్రే భోజనాల దగ్గర చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఇళ్ళమ్మట తిరిగి గోతులు కడుగుతావా? మనవాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారు?"

"మీ హాబీయేగా" అన్నాను.

మావయ్యగారు నీళ్ళ గ్లాసు అందుకున్నారు. దుర్గేష్ చెవులు ఎర్రబడ్డాయి. అమ్మా నాన్నా ఉండగా ఇప్పుడు అవసరమా అన్నాడు, వంటెవరు చేస్తారన్నాడు, నీకేం తక్కువ చేశానన్నాడు. గురువారం, శుక్రవారం వంట ఆయనదని చెప్పాను. మన ఇంటి గొయ్యి కూడా ఇకనుంచి ఆయనదేనని, రెండు వారాలకోసారి మూత తీసి చూడాలని, ఎలా చూడాలో ఆదివారం నేర్పిస్తానని చెప్పాను. "సరేలే" అన్నాడు. ఆ ఆదివారం క్రికెట్ ఉంది. పై ఆదివారం తలనొప్పి. నేను మూడోసారి పిలవలేదు. మూత కూడా ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడం ఎత్తడం కన్నా కష్టమైంది, గ్యారేజీలో బట్టలు ఆరేస్తున్న ప్రతిసారీ చెయ్యి అటే పోయేది.

నవంబరు మధ్యలో వాయవ్యపు గాలితో రెండు రోజులు ఆగకుండా వాన పట్టింది. రెండో రోజు గురువారం. నేను పక్కపేట నైనైలో ఒక ముసలాయన ఇంట్లో, వరండా కింద ఉన్న గోతి దగ్గర పడుకుని ఉన్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోను మోగింది. దుర్గేష్. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాడు.

"పంపు ఊరికే గుర్రుమంటోంది, నీళ్లు పోవట్లేదు. ఆఫీసు గదిలోకి వచ్చేస్తున్నాయి. నువ్వు వెంటనే బయల్దేరు."

"గోతిలో ఏమైనా పడిందా?"

అటువైపు గుసగుసలు. తర్వాత గొంతు తగ్గించి, "నాన్నగారు ఏదో మూట వేశారట" అన్నాడు. వెనక నుంచి మావయ్యగారి గొంతు వినిపించింది. "నవధాన్యాలురా. దోషం పోవడానికి. సిద్ధాంతిగారు ఫోనులో చెప్పారు."

నెల రోజుల కింద ఇండియన్ షాపుకి తనే వెళ్తానని మావయ్యగారు పట్టుబట్టింది అందుకన్నమాట. శనగలు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు అన్నీ పసుపు గుడ్డలో కట్టి గోతిలో వదిలారు. గుడ్డ చివికి, గింజలుబ్బి, మొలకలొచ్చి జాలీ నిండా పట్టుకుని ఉంటాయి. నవ్వు రావాల్సిన విషయమే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గోతి గురించి అడగడానికి పెద్దాయన సముద్రాలు దాటి భీమవరానికి ఫోన్ చేశారు గానీ, పక్కన వంటింట్లో ఉన్న నన్ను ఒక్క మాట అడగలేకపోయారు.

"ముందు పైన బోర్డులో గ్యారేజీ స్విచ్ ఆపండి" అన్నాను. ఆపాడు. "ప్లగ్ తీయండి. తాడు పట్టి పంపు పైకి లాగండి. తర్వాత గోతిలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న గింజలూ గుడ్డా మొత్తం తోడెయ్యండి."

"చెయ్యి పెట్టాలా? అందులోనా?"

"అందులోనే."

"హిమజా, ప్లీజ్. నీకు అలవాటైన పని. నువ్వొస్తే పది నిమిషాల్లో అయిపోతుంది."

"ఇంకా రెండిళ్ళున్నాయండి. ఇక్కడ ఈయనకి ఎనభై మూడేళ్ళు."

నీళ్లలో అడుగుల చప్పుడు వినిపించింది. ఇంతలో దూరం నుంచి అత్తయ్యగారి గొంతు, "నువ్వు జరగరా, నేను తీస్తాను. నాకేం పర్లేదు" అంటూ.

"ఫోను అత్తయ్యగారికివ్వండి" అన్నాను.

ఇచ్చాడు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, అప్పటికే వంగినట్టున్నారు.

"అత్తయ్యగారూ, మీరు వంగకండి. మీరు మోసిన కడవలు చాలు" అన్నాను.

వాన రేకుల మీద పడుతున్న చప్పుడు రెండు చెవుల్లోనూ వినిపిస్తోంది. తర్వాత ఆవిడ మాట్లాడారు, నాతో కాదు.

"దుర్గా, చొక్కా చేతులు మడుచుకో."